పిల్లల చదువును కొలిచే ప్రోగ్రాం ఏ భాషలో రాయాలి?



ఈ ఏడాది ఖర్చుల పట్టికలో "మానసిక పరీక్షల సాఫ్ట్‌వేర్" అన్న పద్దు చూసి చాలామంది మమ్మల్ని ఆపి అడిగారు. ఫీజులకూ, పుస్తకాలకూ, రేషన్ కిట్లకూ ఇచ్చిన సొమ్ములో ఈ కొత్త పద్దు ఎక్కడిదని. ఇద్దరు ముగ్గురు తల్లులైతే భయపడుతూనే అడిగారు: "మా పిల్లలకు పిచ్చి అని రాస్తారా సార్?" వచ్చిన ప్రశ్నలన్నిటికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఈ సంచికలో కాస్త వివరంగా రాయమని కమిటీ వారు కోరారు. కంప్యూటర్ సంగతి కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. బడిలో పాఠం చెప్పినట్టే చెప్తాం.

ముందు తల్లుల భయం తీరుద్దాం. సైకాలజీ అంటే పిచ్చికి వైద్యం కాదు. మనిషి ఎట్లా చూస్తాడు, ఎట్లా వింటాడు, ఎంత గుర్తుపెట్టుకుంటాడు, అక్షరాన్ని చూశాక నోటికి తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది అని కొలిచే శాస్త్రం అది. 1868లో హాలండ్ దేశపు డాండర్స్ అనే ఆయన, గుర్తు కనపడగానే మనిషి స్పందించడానికి పట్టే సమయాన్ని కొలిచి, అందులో ఆలోచనకు పట్టే భాగం ఎంతో లెక్కకట్టే ప్రయత్నం చేశాడు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ ప్రయోగశాల పెట్టాడు. సెకనులో వెయ్యో వంతు చూపే ఇత్తడి గడియారాలు ఆ కాలపు పనిముట్లు. మన పక్కనున్న మైసూరు విశ్వవిద్యాలయంలో 1924లోనే సైకాలజీ శాఖ మొదలైంది. ఆ గడియారాలు చేసిన పనిని ఇవాళ లాప్‌టాప్ చేస్తుంది. తేడా ఏమిటంటే, లాప్‌టాప్‌కు ఆ పని ఎట్లా చేయాలో ఎవరో ఒకరు రాసి చెప్పాలి. ఆ రాతనే ప్రోగ్రాం అంటాం. ఏ భాషలో రాయాలన్నదే మన ప్రశ్న.

ఇది మనకెందుకు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా, సరూర్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట బస్తీలలో మన ట్యూషన్ కేంద్రాలకు వచ్చే పిల్లల్ని ఒకసారి చూడండి. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మదర్సాకు పోయే పిల్లలకైతే అరబీ అక్షరాలు కూడా. నాలుగో తరగతికి వచ్చినా పాఠం చదవలేని పిల్లవాడు ప్రతి కేంద్రంలోనూ ఉంటాడు. వాడికి కళ్ళు సరిగా కనపడవా? చెవి సమస్యా? మూడు భాషల మధ్య నలుగుతున్నాడా? లేక చదవడంలోనే పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉందా? 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఈ చివరిదాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. గుర్తింపు ఉన్న పిల్లవాడికి పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడిగే దారి ఉంది. గుర్తింపు లేనివాడికి దొరికేది "మొద్దు" అన్న బిరుదే. ముప్పై ఏళ్ళకు దగ్గరగా పాఠాలు చెప్పిన మేము, ఆ బిరుదు ఒకసారి అంటుకుంటే ఎంతమంది పదో తరగతి ముందే బడి మానేసి మెకానిక్ షెడ్డులోనో పండ్ల బండి దగ్గరో తేలారో చూశాం.

మన పరీక్ష రోగ నిర్ధారణ కాదు, జల్లెడ. జల్లెడలో తేలిన పిల్లల్ని తగిన నిపుణుల దగ్గరకు తీసుకుపోతాం. మానసిక వైకల్యం అనుమానం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, ఉండనే ఉంది. ముద్ర వేయడం మన పని కాదు. నిజానికి చాలామంది మీద ఉన్న ముద్రను తుడవడానికే ఈ జల్లెడ.

రెండు మూడు భాషలు పిల్లలకు భారం అనుకునేవారికి ఒక మాట. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి జ్ఞాపకశక్తి క్లినిక్‌కు వచ్చిన 648 మంది మతిమరుపు రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం పరిశీలించి 2013లో న్యూరాలజీ అనే పత్రికలో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండో భాష కూడా వచ్చినవారిలో జబ్బు దాదాపు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ, ఉర్దూ కలగలిసిన ఈ ఊరి మనుషుల మీద జరిగిన పరిశోధన అది. కాబట్టి మన పిల్లల మూడు భాషలు మన ఆస్తి. కాకపోతే వాళ్ళను కొలిచే కొలబద్ద మూడు భాషల్లోనూ ఉండాలి. బయట దొరికే పరీక్షలు ఎక్కువగా ఇంగ్లీషులో తయారైనవి.

ఇక ప్రోగ్రాం సంగతి. మేము పెట్టదలచిన పరీక్షలు మూడు రకాలు. తెరమీద అక్షరం, మాట చూపి చదివించడం ఒకటి. అంకెలు వరసగా చూపి తిరిగి చెప్పించడం రెండోది. మూడోది శ్రద్ధను కొలిచేది. 1935లో అమెరికాలో స్ట్రూప్ అనే ఆయన చేసిన ప్రయోగానికి ఇది తమ్ముడి వంటిది. "ఎరుపు" అన్న మాటను ఆకుపచ్చ రంగులో చూపి, రంగు పేరు చెప్పమంటాం. చదువు వచ్చినవాడికి మాట అడ్డం వచ్చి కొంచెం తడబాటు వస్తుంది. ఇంట్లో పిల్లల చేత ఒకసారి చేయించి చూడండి, మీరే నవ్వుకుంటారు. ఆ తడబాటు ఎంతసేపన్నది సెకన్లలో కాదు, సెకనులో వెయ్యో వంతుల్లో, అంటే మిల్లీసెకన్లలో కొలవాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. మామూలు లాప్‌టాప్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. ప్రోగ్రాం "చూపు" అని ఆజ్ఞ ఇచ్చిన క్షణానికీ, అక్షరం నిజంగా తెరమీద పడిన క్షణానికీ మధ్య ఒక బొమ్మ కాలమో రెండు బొమ్మల కాలమో గడిచిపోవచ్చు. కీబోర్డు మాట సరేసరి. మామూలు యూఎస్‌బీ కీబోర్డును కంప్యూటర్ దాదాపు 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తుంది, ఈలోపు పిల్లవాడు మీట నొక్కినా అది వేచి ఉండాల్సిందే. బ్లూటూత్ కీబోర్డు అయితే ఆలస్యం ఎంతన్నది ఒక లెక్కలో ఉండదు.

ఒకే పిల్లవాణ్ణి ఒకే లాప్‌టాప్ మీద రెండు రకాలుగా పరీక్షించి, ఆ రెంటి మధ్య తేడా చూస్తే యంత్రం ఆలస్యం రెండు వైపులా ఉంటుంది గనుక కొట్టుడుపోతుంది. తూకంలో గిన్నె బరువు తీసేసినట్టే. కానీ ఒక పిల్లవాణ్ణి కొత్త లాప్‌టాప్ ముందు, ఇంకొకణ్ణి పదేళ్ళ పాతదాని ముందు కూర్చోబెట్టి "వీడు వాడికంటే నిదానం" అంటే అది అన్యాయం. నిదానం వాడిది కాదు, లాప్‌టాప్‌ది. ఆ తప్పు లెక్క మీద ఒక పిల్లవాడి చదువు ఎటు మలుపు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? భాష ఎంపికకు ఇంత సమయం తీసుకోవడానికి మొదటి కారణం ఇదే.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, కరపత్రాలు చేతికి వస్తాయి. జావా, పైథాన్, టెస్టింగ్, ఫుల్ స్టాక్. ప్రతి సందులో ఒక కోచింగ్ సెంటరు, దాని మీద ఒక హాస్టలు. కాబట్టి "ఏ భాష" అనగానే మన దగ్గర ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉంది. మా వాలంటీర్ కుర్రవాళ్ళలో ఒకరు జావా అన్నారు, ఒకరు సీ అన్నారు, మరొకరు ఏకంగా మొబైల్ యాప్ చేద్దామన్నారు. ఉద్యోగం తెచ్చే భాష వేరు, ఈ పనికి పనికొచ్చే భాష వేరు అని వాళ్ళకు చెప్పడానికే రెండు ఆదివారాలు పట్టింది.

సీ భాష 1970ల మొదట్లో పుట్టింది. యంత్రానికి దగ్గరగా ఉంటుంది, వేగంగా నడుస్తుంది. కాలాన్ని కచ్చితంగా పట్టుకోవడానికి చాలా మంచిది. కానీ ఒక్క మాట తెరమీద చూపడానికి పేజీలకు పేజీలు రాయాలి. రాసిన కుర్రవాడు ఉద్యోగం వచ్చి మాధాపూర్ వెళ్ళిపోతే, ఆ పేజీలు తరువాత వచ్చినవాడికి అర్థం కావు. జావాకూ ఈ పనికీ పెద్దగా చుట్టరికం లేదు. సైకాలజీ పరీక్షల కోసం సిద్ధం చేసిన సామాన్లు అందులో తక్కువ. లేని సామాను మనం కొత్తగా తయారు చేసుకోవడం దేనికి?

పాశ్చాత్య ప్రయోగశాలలలో చాలాకాలంగా వాడుతున్నవి రెండున్నాయి. ఈ-ప్రైమ్ అనేది అమెరికా కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్. విండోస్ మీద నడుస్తుంది, పని బాగా చేస్తుంది, కానీ లైసెన్సు కొనాలి. రెండోది సైక్‌టూల్‌బాక్స్. బ్రెయినార్డ్, పెల్లి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1997లో దీని గురించి ప్రచురించారు. ఇది చాలాకాలం ఉచితంగా దొరికింది. కానీ మాట్‌లాబ్ అనే ఖరీదైన సాఫ్ట్‌వేర్ మీద ఎక్కి కూర్చుంటుంది. మాట్‌లాబ్ బదులు ఆక్టేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కూడా నడుస్తుంది గానీ, దాన్ని అమర్చి నిలబెట్టడానికి తెలిసిన మనిషి ఎప్పుడూ పక్కనే ఉండాలి.

మా దగ్గరకు ఒక వ్యాపారి కూడా వచ్చాడు. అన్నీ తానే చేసి పెడతానన్నాడు, ఏటేటా రుసుము కట్టాలన్నాడు. ప్రోగ్రాం లోపలి రాత చూపిస్తావా అని అడిగితే చూపనన్నాడు. పిల్లవాడికి వేసే మార్కు ఎట్లా వచ్చిందో మాకే తెలియకపోతే, ఆ పిల్లవాడి తండ్రికి మేమేం చెప్పగలం? అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

చివరికి పోటీలో మిగిలినవి రెండు: పైథాన్, జావాస్క్రిప్ట్.

పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ 1991లో లోకానికి విడుదల చేశాడు. చదివితే దాదాపు మామూలు వాక్యాల మాదిరే ఉంటుంది. సీబీఎస్ఈ బడులలో 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పుడు నేర్పేది ఇదే. అంటే మన వీధిలోని ఇంటర్ వయసు పిల్లవాడు కూడా లోపలి రాత చదివి ఏం జరుగుతోందో చెప్పగలడు. దీని మీద సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ పియర్స్ మొదలుపెట్టాడు. 2007లో పరిశోధనా పత్రికలో దీని గురించి రాశాడు. ప్రోగ్రాం రాయడం రాని టీచర్లు కూడా డబ్బాలు జరిపి అమర్చినట్టు పరీక్షను అమర్చుకోవచ్చు. 2020లో ఒక బృందం ఈ సాఫ్ట్‌వేర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి కాలాన్ని ఎంత కచ్చితంగా పడుతున్నాయో కొలిచింది. సైక్‌టూల్‌బాక్స్, ఈ-ప్రైమ్‌లతో పాటు సైకోపై కూడా ఒక మిల్లీసెకను లోపు నిలకడతో ముందు వరసలో నిలిచింది. ఆ బృందంలో పియర్స్ కూడా ఒకరన్న సంగతి మేము గమనించకపోలేదు. అయినా కొలిచిన పద్ధతి అంతా బహిరంగంగా పెట్టారు, ఎవరైనా మళ్ళీ కొలుచుకోవచ్చు.

జావాస్క్రిప్ట్ అనేది జావా కాదు. ఈ తికమక మన కోచింగ్ సెంటర్ల దగ్గర రోజూ వింటుంటాం. ఇది బ్రౌజర్‌లో నడిచే భాష. 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో తయారుచేశాడని ప్రసిద్ధి. జోష్వా డి ల్యూ అనే ఆయన దీని మీద జేఎస్‌సైక్ అనే ఉచిత సామగ్రి తయారుచేసి 2015లో ప్రచురించాడు. లాప్‌టాప్‌లో కొత్తగా ఏదీ ఎక్కించనక్కరలేదు, క్రోమ్ ఉంటే చాలు. ఇంటర్నెట్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడపవచ్చు. కాలం విషయంలో మాత్రం పైథాన్ అంత గట్టిది కాదు. 2018లో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, బ్రౌజర్లు తయారుచేసేవారు తమ లోపలి గడియారపు పదును కావాలనే కొంత తగ్గించారు కూడా.

ఇంతవరకు చూస్తే పైథాన్‌దే గెలుపు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్ళయితే ఇక్కడితో ఆగిపోతారు. మనకు ఆగే వీలు లేదు, ఎందుకంటే మన పిల్లలు చదివేది తెలుగూ ఉర్దూ.

"అమ్మ" అన్న మాట తీసుకోండి. కంప్యూటర్ లోపల అది అ, మ, పొల్లు, మ అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి రెండో మ ను వత్తుగా కిందకు చేర్చే పని ఒకటుంది. ఆ పని చేయని ప్రోగ్రాం పొల్లు మ పక్కన ఇంకో మ వేసి ఊరుకుంటుంది. ఉర్దూది ఇంకా కష్టం. కుడి నుంచి ఎడమకు పోవాలి, ప్రతి అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకోవాలి. నస్తాలీఖ్ రాతలో అయితే అక్షరాలు మెట్లు దిగినట్టు వాలుగా కూర్చోవాలి. విడివిడిగా, తలకిందులుగా పేర్చిన ఉర్దూ మాటను మన మౌలానా సాహెబ్‌కు చూపినా రెండు క్షణాలు తడుముకుంటారు. చదవడంలో ఇబ్బంది ఉందా అని చూడబోయిన పిల్లవాడికి విరిగిన అక్షరాలు చూపి, వాడు తడబడితే అది వాడి ఖాతాలో రాయడం ఎంత ఘోరమో మీరే ఆలోచించండి.

బ్రౌజర్ తయారుచేసినవారు ఈ సమస్యను మనకంటే ముందే పరిష్కరించి పెట్టారు. ప్రపంచంలోని వార్తాపత్రికలన్నీ అందులోనే చదవాలి గదా. క్రోమ్‌లో తెలుగు వత్తులూ నస్తాలీఖ్ వాలూ సరిగ్గా పడతాయి. నోటో వారి ఉచిత నస్తాలీఖ్ ఫాంటు, తెలుగు ఫాంట్లు ప్రోగ్రాంతో పాటే పెట్టుకోవచ్చు. సైకోపైలో కుడి నుంచి ఎడమకు రాసే ఏర్పాటు ఉంది గానీ, తెలుగు వత్తుల దగ్గర దాన్ని నమ్మి కూర్చోవడానికి మాకు మనసు ఒప్పలేదు. దానికో చిట్కా ఉంది: మాటలను ముందే బ్రౌజర్‌లో సరిగ్గా పడేట్టు చేసి, ఒక్కో మాటనూ బొమ్మగా భద్రపరచి, పైథాన్‌కు అక్షరాలు కాక బొమ్మలు ఇవ్వడం. బొమ్మలో వత్తు ఎక్కడికీ జారదు. కాకపోతే మాట మార్చాలన్నా, పెద్దది చేయాలన్నా మళ్ళీ బొమ్మ తీయాలి.

అందుకని కమిటీ తీసుకున్న నిర్ణయం ఇట్లా ఉంది. చదివించే పరీక్షలు, అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్షలు జావాస్క్రిప్ట్‌లో. అక్కడ మిల్లీసెకన్ల కంటే అక్షరం సరిగా కనపడటమే ముఖ్యం. శ్రద్ధ పరీక్ష పైథాన్‌లో, మాటలను బొమ్మలుగా చేసి. ఒక్క భాషే ఎంచుకోవాలని ఎవరైనా పట్టుబడితే మా ఓటు జావాస్క్రిప్ట్‌కే. గడియారం కొంచెం మొద్దుగా ఉన్నా, ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే, ఒకే పిల్లవాడి రెండు ఫలితాల మధ్య తేడా చాలావరకు బయటపడుతుంది. విరిగిన అక్షరాన్ని ఎన్నిసార్లు చూపినా అది విరిగిన అక్షరమే.

సొమ్ము గురించి కూడా చెప్పాలి. ఈ రెండు సామగ్రులూ ఉచితం కాబట్టి లైసెన్సుల ఖర్చు లేదు. ఖర్చంతా లాప్‌టాప్‌లకు, హెడ్‌ఫోన్లకు, పరీక్ష పెట్టే టీచర్ల ప్రయాణానికి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన మనిషి చేతికి అతని సొంతంగా చేరాలి గనుక, ఈ పద్దుకు జకాత్ నుంచి ఒక్క రూపాయి వాడటం లేదు. లిల్లాహ్, అతియా ఖాతాల నుంచే తీస్తున్నాం. రెండు ఖాతాల లెక్కలూ కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చు.

పిల్లల పేర్లు ప్రోగ్రాంలోకి ఎక్కవు. ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఉంటుంది. ఏ అంకె ఎవరిదన్నది బీరువాలో ఉండే ఒక్క కాగితం మీదే ఉంటుంది. ఫలితాలు ఇంటర్నెట్‌లోకి పోవు. తల్లి గానీ తండ్రి గానీ తమకు అర్థమయ్యే భాషలో రాసిన కాగితం చదివి, లేదా చదివించుకుని, సంతకం పెట్టాకే పరీక్ష. వద్దన్నవారి పిల్లలకు ట్యూషన్‌లో ఏ లోటూ ఉండదు.

దాతలలో కొందరు ఇంట్లో మూలపడ్డ పాత లాప్‌టాప్‌లు ఇస్తామని మంచి మనసుతో ముందుకు వచ్చారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక. వాటిని పిల్లలు కంప్యూటర్ నేర్చుకునే తరగతులకు వాడుకుంటాం. పరీక్షలకు మాత్రం పైన చెప్పిన కారణం చేత అన్నీ ఒకే మోడల్‌వి, వైరు ఉన్న కీబోర్డులతో సహా కావాలి. ఎల్‌బీ నగర్ వైపు కేంద్రాలకు ఒక జత, దిల్‌సుఖ్‌నగర్ వైపు కేంద్రాలకు ఒక జత దొరికితే, వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచిన నెలలోనే ఇన్షా అల్లాహ్ మొదలుపెట్టగలం. ఇవ్వదలచినవారు కొనే ముందు కార్యాలయంలో మోడల్ పేరు ఒక్కసారి అడిగి కొనండి.